కాలువ కట్టే రోజుల క్యాలెండరు

గోదావరి డెల్టాలో కాలువ లోపల పని చేయవలసిన వాళ్లకు ఏడాది మొత్తంలో చేతికి దొరికేది ఇంచుమించు నెలా పది రోజులు. దాళ్వా (రబీ) కోతలు ముగిసి, ఊళ్ల మంచినీటి చెరువులు నింపుకున్నాక ధవళేశ్వరం దగ్గర కాలువల మొదట్లో ఉండే హెడ్ స్లూయిస్‌ల తలుపులు దించి, నీళ్లు ఆపి కాలువలు కట్టేస్తారు. సార్వా (ఖరీఫ్) నారుమళ్ల కోసం జూన్‌లో మళ్లీ నీళ్లు వదులుతారు. ఏ తేదీన కట్టాలి, ఏ తేదీన వదలాలి అన్నది ఏటా నీటిపారుదల సలహా మండలి సమావేశంలో తేలుతుంది. లాకుల మరమ్మతైనా, తూము తిరగకట్టడమైనా, వంతెన పునాదైనా కాలువ ఎండిన ఆ కాస్త వ్యవధిలోనే జరగాలి. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ ఇక్కడ పనికాలాన్ని నిర్ణయిస్తున్నది నీరే.

నా ఉద్యోగం ఇలాంటి పనులకు కంప్యూటర్‌లో షెడ్యూలు తయారుచేయడం. ఎక్కువగా మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో, పెద్ద పనులకు ప్రిమవేరా అనే మరో సాఫ్ట్‌వేర్‌లో చేస్తాను. ఇన్నేళ్లలో నాకు గట్టిగా పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది. ఒక్క పని పేరు కూడా టైపు చేయకముందే క్యాలెండరు కట్టుకోవాలి. పని ఆగే రోజులన్నిటినీ ఆ క్యాలెండరులోనే బాహాటంగా రాయాలి తప్ప, పనుల వ్యవధుల్లో నాలుగు రోజులు ఎక్కువ వేసి వాటి చాటున దాచకూడదు. ఇది చిన్న విషయమని, సాఫ్ట్‌వేర్ తెలిసిన కుర్రాడు అయిదు నిమిషాల్లో చేసేదని చాలామంది ఇంజినీర్లు అనుకుంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. ఆ పొరపాటుకు మూల్యం చెల్లించింది మాత్రం వేరేవాళ్లు.

అప్పుడు నేను ఉద్యోగంలో కొత్తగా చేరాను. ఒక చిన్న కాలువ మీద పాత తూము తీసేసి కొత్తది కట్టాలి. మాకు దొరికిన గడువు మే 1 నుంచి జూన్ 10 వరకు, అంటే 41 రోజులు. ఆ ఏడు మే 1 సోమవారం పడింది. మేస్త్రిని, సైట్ ఇంజినీరును అడిగి పనులన్నీ వరుసగా రాసుకున్నాను: అడ్డుకట్ట వేయడం, నీళ్లు తోడడం, పాత కట్టడం పగలగొట్టడం, అడుగున పునాదిగా వేసే రాఫ్ట్‌కు ఇనుము కట్టడం, కాంక్రీటు, రెక్కగోడలు, తలుపులు. మొత్తం 34 పని దినాలు వచ్చాయి. సాఫ్ట్‌వేర్ తెరిచి వరుసగా కొట్టేశాను. ముగింపు తేదీ జూన్ 15 అని చూపించింది. నీళ్లు వదిలే తేదీ దాటిపోయింది కాబట్టి, వ్యవధులు తగ్గించి జూన్ 10 లోపు తెమ్మని పైనుంచి మాట వచ్చింది. ఇనుము కట్టడానికి మేస్త్రి చెప్పిన 6 రోజులను 4 చేశాను, రెక్కగోడల 8 రోజులను 6 చేశాను. మొత్తం 30 రోజులకు దిగి, తేదీ జూన్ 9కి వచ్చింది. అందరూ తృప్తిపడ్డారు.

పని మాత్రం మేస్త్రి చెప్పినట్టే సాగింది. ఇనుముకు 6 రోజులే పట్టాయి. కాగితం మీద ఆ పని వెనకబడినట్టు కనిపించడంతో, రెండు రాత్రులు లైట్లు పెట్టి కాంక్రీటు వేయించారు. పగలంతా ఎండలో చేసిన మనుషులే ఆ రాత్రులూ తట్టలు మోశారు. పని గడువులోపు అయిపోయింది. వానాకాలంలో తీరిక దొరికినప్పుడు ఆ ఫైలు మళ్లీ తెరిచి చూస్తే అసలు సంగతి బయటపడింది. సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టుకునే స్టాండర్డ్ క్యాలెండరులో వారానికి అయిదే పని దినాలు, సోమవారం నుంచి శుక్రవారం దాకా. మా సైటులో శనివారం కూడా పని జరిగింది. క్యాలెండరును ఆరు రోజులకు మార్చి, మేస్త్రి చెప్పిన 34 రోజులనూ యథాతథంగా పెట్టి చూశాను. ముగింపు జూన్ 8 అని వచ్చింది. ఆ రెండు రాత్రులూ అవసరం లేనివి.

ఆ స్టాండర్డ్ క్యాలెండరు ఎవరి కాలాన్ని చెబుతోందో గమనించాలి. ఉదయం 8 నుంచి 12 వరకు, 1 నుంచి 5 వరకు, వారానికి అయిదు రోజులు, 40 గంటలు, నెలకు 20 రోజులు. అది ఎక్కడో ఒక ఆఫీసు కాలం. అందులో పండుగ లేదు, వాన లేదు, కాలువ లేదు. దాన్ని ఉన్నదున్నట్టు వాడుకుంటే మన ఊరి పనిని ఎవరిదో గడియారంతో కొలిచినట్టు.

సరిచేయడానికి చేంజ్ వర్కింగ్ టైమ్ అనే పెట్టె తెరవాలి. స్టాండర్డ్‌ను చెరపకుండా దానికి నకలు తీసి, పనికి తగిన పేరు పెట్టి, ఆ నకలులో మార్పులు చేయాలి. ఇక్కడ చాలామంది ఆగిపోయే చోటు ఒకటుంది: కొత్త క్యాలెండరు తయారుచేసి, ప్రాజెక్ట్ ఇన్ఫర్మేషన్‌లో దాన్ని ఎంచుకోవడం మరచిపోతారు. అప్పుడు క్యాలెండరు ఫైలులో ఉంటుంది, లెక్క మాత్రం పాతదాని మీదే నడుస్తుంది. బార్ చార్టులో సెలవు రోజులకు వేసే బూడిదరంగు పట్టీలు కూడా పాత క్యాలెండరువే కనిపిస్తుంటాయి. టైమ్‌స్కేల్ అమరికలో వాటినీ విడిగా మార్చాలి.

దీనికంటే లోతైన చిక్కు గంటల దగ్గర ఉంది. రోజుకు ఎన్ని గంటలు, వారానికి ఎన్ని గంటలు అని ఆప్షన్స్‌లో ఒక చోట అడుగుతుంది. అది క్యాలెండరు కాదు, మార్పిడి లెక్క మాత్రమే. సాఫ్ట్‌వేర్ లోపల ప్రతి వ్యవధినీ నిమిషాల్లోనే దాచుకుంటుంది. మనం ఒక రోజు అని కొడితే, ఆ ఆప్షన్‌లో 8 గంటలు ఉంటే 480 నిమిషాలు అని రాసుకుంటుంది. పనులన్నీ ఎక్కించాక, మా సైటులో రోజుకు 10 గంటలు కదా అని ఎవరైనా ఆ అంకె మారిస్తే, ప్రతి ఒక్క రోజూ 0.8 రోజుగా మారి కనిపిస్తుంది. అది మార్చకుండా క్యాలెండరులో మాత్రం 10 గంటలు పెడితే, ఒక రోజు పని సాయంత్రానికి రెండు గంటల ముందే ముగిసి, తర్వాతి పని ఆ సాయంత్రమే మొదలై, పది పనులు దాటేసరికి తేదీలన్నీ వంకరపోతాయి. క్యాలెండరు గంటలు, ఈ మార్పిడి గంటలు, ఆప్షన్స్‌లోని మొదలు వేళ, ముగింపు వేళ, ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవాలి. అదీ మొదటి పని ఎక్కించకముందే కలవాలి.

ఇంతవరకూ యంత్రం సంగతి. అసలు క్యాలెండరు ఉండేది మనుషుల దగ్గర. ఇప్పుడు ఏ పని మొదలుపెట్టినా ముందు మేస్త్రి దగ్గర కూర్చుంటాను. మొన్నామధ్య కాలువ గట్టు మీద కొబ్బరిచెట్టు నీడలో కూర్చుని ఒకాయన్ని అడిగాను.

"మేస్త్రి గారూ, సంక్రాంతికి మీవాళ్లు ఎన్ని రోజులు ఉండరు?"

"మూడు రోజులని రాసుకుంటారు గానీ బాబూ, శ్రీకాకుళం వాళ్లు భోగికి రెండు రోజుల ముందే బస్సెక్కేస్తారండి. కనుమ నాడు ఎవరూ కదలరు. ముక్కనుమ అయ్యాక ఒక్కొక్కళ్లే దిగుతారు. పూర్తి గ్యాంగు కావాలంటే 20వ తారీకేనండి."

"మరి ఊడ్పుల్లో?"

"ఆయ్, ఆడవాళ్లు ఒక్కరూ రారండి. చేలో కూలి ఎక్కువ కదండీ. మగవాళ్లతో సగం పని చేయించుకోవాల."

ఆ నాలుగు మాటల్లో రెండు వేర్వేరు విషయాలున్నాయి. వాటిని సాఫ్ట్‌వేర్‌లో వేర్వేరు చోట్ల రాయాలి. సంక్రాంతికి పని పూర్తిగా ఆగుతుంది కాబట్టి అది క్యాలెండరులో ఎక్సెప్షన్, అంటే మామూలు వారానికి మినహాయింపు. జనవరి 12 నుంచి 19 వరకు సెలవు అని రాస్తాను, ప్రభుత్వ సెలవుల జాబితాలో ఏమున్నా సరే. ఊడ్పులప్పుడు పని ఆగదు, మనుషులు సగమవుతారు. దాన్ని క్యాలెండరులో సెలవుగా రాస్తే తప్పు. వనరుల జాబితాలో ఆ కూలీల లభ్యతను ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు 50 శాతం అని రాయాలి. ఈ తేడా తెలియకనే చాలా షెడ్యూళ్లలో జులై, ఆగస్టు నెలలు అన్యాయంగా ఖాళీగానో, అబద్ధంగా నిండుగానో కనిపిస్తాయి.

పండుగల విషయంలో సాఫ్ట్‌వేర్‌కు ఒక పరిమితి ఉంది. ఎక్సెప్షన్ ఏటా అదే తేదీన తిరిగి వచ్చేట్టు పెట్టవచ్చు. జనవరి 26కు, ఆగస్టు 15కు, అక్టోబరు 2కు అది చక్కగా సరిపోతుంది. ఉగాది, వినాయకచవితి, దసరా, దీపావళి తిథుల మీద నడుస్తాయి. వాటికి ఏటేటా పంచాంగం చూసి తేదీ రాసుకోవడం తప్ప మార్గం లేదు. అంతర్వేది పరిసరాల్లో పని ఉంటే భీష్మ ఏకాదశి కల్యాణానికి ఆ దారంతా జనంతో నిండిపోతుంది, లారీ కదలదు, దాన్నీ రాయాలి. మా మేస్త్రి అమావాస్య నాడు కొత్త పని మొదలుపెట్టడు. నాకు ఆ నమ్మకం లేదు. అయినా అమావాస్య నాడు పునాది మొదలవుతుందని షెడ్యూలులో రాస్తే ఆ తేదీ అబద్ధమే అవుతుంది కాబట్టి, ఏడాదిలో వచ్చే అమావాస్యలన్నీ గుర్తుపెట్టుకుని ప్రారంభ తేదీలను వాటికి తప్పించి వేస్తాను.

రోహిణి కార్తె ఎండల సంగతి దీనికంటే ఆసక్తికరం. మే నెలలో మధ్యాహ్నం కాలువ అడుగున నిలబడి పని చేయించడం దుర్మార్గం. మా సైట్లలో ఉదయం 6 నుంచి 11 వరకు, మళ్లీ 3 నుంచి 6 వరకు చేస్తారు. మొత్తం అవే 8 గంటలు, వేళలు వేరు. ఇలాంటిదానికి ఎక్సెప్షన్స్ పక్కనే ఉన్న వర్క్ వీక్స్ అనే పట్టీ ఉపయోగపడుతుంది: మే 1 నుంచి మృగశిర ప్రవేశించే జూన్ 8 దాకా వారం ఇలా ఉంటుందని ఒకసారి చెబితే చాలు. వేళ మారితే ఏమవుతుంది, గంటలు అవే కదా అనవచ్చు. రెడీమిక్స్ బండి మధ్యాహ్నం 12కు వచ్చి నిలబడితే ఏమవుతుందో కాంక్రీటు వేసినవాళ్లకు తెలుసు.

కాంక్రీటుకు ఒక కాలం ఉంది, మనుషులకు ఒక కాలం ఉంది; రెండూ ఒకటి కావు. కాంక్రీటుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456:2000 ప్రకారం సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు కాంక్రీటుకు కనీసం 7 రోజులు, పొడిగా వేడిగా ఉండే చోట 10 రోజులు క్యూరింగ్ చేయాలి, అంటే తడి ఆరకుండా చూడాలి. మిశ్రమ సిమెంటుకు అవి 10, 14 అవుతాయి. ఇవి ఆదివారాలతో, పండుగలతో సంబంధం లేని రోజులు. జనవరి 11న శ్లాబు వేసి, క్యూరింగ్‌ను మామూలు క్యాలెండరులో 7 రోజులని రాస్తే, సాఫ్ట్‌వేర్ సంక్రాంతి సెలవులన్నీ దాటించి ఆ నెల చివరి వారం దాకా లాగుతుంది. సిమెంటు సంక్రాంతికి ఊరెళ్లదు. ఇలాంటి పనికి మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో వ్యవధి పక్కన డి బదులు ఈడీ అని కొడితే సెలవులతో సహా గడిచే రోజులన్నీ లెక్కలోకి వస్తాయి; ప్రిమవేరాలో అయితే 24 గంటల, 7 రోజుల క్యాలెండరు ఒకటి తయారుచేసి ఆ పనికి తగిలించాలి. శ్లాబు మీద మడులు కట్టి నింపిన నీళ్లు ఎండలో రెండు రోజుల్లో ఇంకిపోతాయి, పండుగ నాడైనా ఎవరో ఒకరు పోయాలి. కనుక భోగి నాడు పైపు పట్టుకునే ఆ ఒక్క మనిషికీ వేరే క్యాలెండరు ఉండాలి, ఆయనకు పండుగ పూట రెట్టింపు కూలి ఖర్చు లెక్కలో ఉండాలి. షెడ్యూలులో ఆయన పేరు లేకపోతే సైటులోనూ ఉండడు. శ్లాబు మీద సన్నటి బీటలు మాత్రం ఉంటాయి.

ఇప్పుడు ఎక్కువగా వినిపించే అభ్యంతరానికి వస్తాను. "ఇన్ని క్యాలెండర్లు ఎందుకు, ప్రతి పనికీ ఒక 20 శాతం కలుపుకుంటే పోలా?" అని అనుభవజ్ఞులే అంటారు. డ్రెయిను గట్టు బలపరిచే మట్టి పని ఒకటి తీసుకుందాం. ఎండాకాలంలో దానికి 30 రోజులు పడుతుంది. 20 శాతం కలిపి 36 అని రాశారు. ఫిబ్రవరిలో మొదలైతే ఆ ఆరు రోజులు దండగ, ఎవరికీ తెలియకుండా ఖర్చవుతాయి. భూమి అప్పగింత ఆలస్యమై జులైలో మొదలైతే? కాగితం మీద అప్పుడూ 36 రోజులే. నిజానికి జులైలో ఆదివారాలు పోగా మిగిలే 26 రోజుల్లో వాన వల్ల, వాన వెలిశాక ఆ రేగడి ఆరడం కోసం పది రోజులు పోయాయనుకుంటే, మిగిలేవి 16. మిగతా 14 ఆగస్టులో వెతుక్కోవాలి. పని ఆగస్టు చివరికి గానీ తేలదు. వ్యవధిలో కలిపిన అదనపు రోజులు పనితో పాటు ఎక్కడికి జరిగినా అంతే ఉంటాయి. క్యాలెండరులో రాసిన వాన రోజులు జులైలోనే ఉంటాయి, ఆ నెలలోకి జరిగిన పని దగ్గర వసూలు చేస్తాయి. ఈ ఒక్క కారణం చాలు నాకు.

వాన రోజుల్లోనూ ఒక విచక్షణ కావాలి. వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు పడితే అది వాన రోజు. కాంక్రీటుకు ఆ వాన లెక్కలోకి రాదు, మర్నాడు పని చేసుకోవచ్చు. డెల్టా మట్టిలో రోలరు దిగడానికి మాత్రం ఒక గట్టి వాన తర్వాత మూడు నాలుగు రోజులు పడుతుంది. అందుకే మట్టి పనికి ఒక క్యాలెండరు, కాంక్రీటుకు ఒకటి, కాలువ లోపలి పనికి ఒకటి, క్యూరింగ్‌కు ఒకటి, కనీసం నాలుగు పెట్టుకుంటాను. 1996 నవంబరు 6 నాటి తుపాను వంటివి, 1986 ఆగస్టు నాటి వరద వంటివి మాత్రం క్యాలెండరులో రాయను. అవి ఏటా వచ్చేవి కావు. వాటిని ప్రమాదాల జాబితాలో పెట్టి, డబ్బు, సమయం విడిగా కేటాయించుకోవాలి. 2022లో జులై నెల మధ్యలోనే గోదావరి పొంగి ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులు దాటిపోయింది. పెద్ద వరద ఆగస్టులో వస్తుందన్న అలవాటు లెక్క మీద లంకల్లో జులై చివరిదాకా పని రాసుకున్న క్యాలెండర్లన్నీ ఆ ఏడు తప్పాయి. నేను ఇప్పుడు నది లోపలి పనికి జులై 1 నుంచే సెలవు రాస్తున్నాను.

కాలువ లోపలి పని క్యాలెండరు వీటన్నిటిలోకీ కఠినమైనది. ఏడాదంతా సెలవు, కాలువ కట్టిన రోజులు మాత్రమే పని. మొదటిసారి దాన్ని వాడినప్పుడు, తలుపులు తయారుచేసే వర్క్‌షాపు నుంచి సరుకు నాలుగు రోజులు ఆలస్యమవుతుందని కబురు వచ్చింది. ఆ నాలుగు రోజులూ ఎక్కించి లెక్క వేయించగానే, జూన్ 8న ఉన్న ముగింపు తేదీ మరుసటి ఏడాది మే నెలకు ఎగిరిపోయింది. మా పెద్దసారు సాఫ్ట్‌వేర్ పాడైందన్నారు. పాడవలేదు. జూన్ 10 దాటి మిగిలిన రెండు రోజుల పనికి నీళ్లు లేని కాలువ మళ్లీ దొరికేది వచ్చే ఏడాదే అని చెబుతోంది, అంతే. 20 శాతం కలిపిన ఏ షెడ్యూలూ ఈ మాట చెప్పలేదు. అది జూన్ 12 అని మర్యాదగా చూపించి ఊరుకుంటుంది. ఆ సాయంత్రమే పెద్దసారు స్వయంగా వర్క్‌షాపుకు వెళ్లి కూర్చున్నారు, తలుపులు రెండు రోజుల ఆలస్యంతో వచ్చాయి, నీళ్లు వదిలే ముందు దిగాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. క్యాలెండర్లు కలగలిసిన షెడ్యూలులో ఫ్లోటును, అంటే ముగింపు తేదీ కదలకుండా ఒక పని ఎన్ని రోజులు జారవచ్చో చెప్పే అంకెను, గుడ్డిగా నమ్మకూడదు. ప్రిమవేరా ప్రతి పని ఫ్లోటునూ ఆ పనికి తగిలించిన క్యాలెండరులోనే లెక్కిస్తుంది. ఒక పనికి రెండు రోజులు, మరో పనికి రెండు రోజులు అని చూపిస్తే అవి ఒకే రెండు రోజులు కాకపోవచ్చు. కాలువ కట్టిన గడువు ముగిసే తేదీ అంచు దగ్గర ఒక రోజు జారితే ఒక రోజే పోతుంది, మూడో రోజు జారితే పది నెలలు పోతాయి. ఆ అంచును ఫ్లోటు అంకె ముందుగా చెప్పదు. అందుకని కాలువ పని ముగింపు దగ్గర ఒక మైలురాయి పెట్టి దానికి డెడ్‌లైన్ తేదీ రాస్తాను. ప్రిమవేరాలో ఫ్లోటు సున్నా ఉన్న పనులను మాత్రమే చూడకుండా ముగింపు తేదీని నిర్ణయించే పనుల వరుసైన లాంగెస్ట్ పాత్ కూడా తీసి చూస్తాను. అందులోనే రిలేషన్‌షిప్ ల్యాగ్‌ను, అంటే ఒక పనికీ తర్వాతి పనికీ మధ్య ఆగాల్సిన వ్యవధిని, ఏ క్యాలెండరులో లెక్కించాలో అడిగే అమరిక ఒకటుంది; ముందరి పని క్యాలెండరు అని దానంతటదే ఉంటుంది. కాంక్రీటు తర్వాత ఏడు రోజుల ల్యాగ్ అని రాసేవాళ్లు దాన్ని తప్పక చూసుకోవాలి. అలాగే నలుగురూ వాడే డేటాబేస్‌లో గ్లోబల్ క్యాలెండరును ముట్టుకోకూడదు. మన పనికోసం అందులో ఒక సెలవు తీసేస్తే ఇతరుల ప్రాజెక్టుల తేదీలు కూడా కదులుతాయి. ప్రాజెక్టు స్థాయికి నకలు తీసుకుని మార్చుకోవాలి.

నిజాయితీ క్యాలెండరు చూస్తే ముగింపు తేదీ దూరంగా కనిపిస్తుందని, టెండరులో నెగ్గలేమని, కూలీలకు బద్ధకం నేర్పినట్టవుతుందని యజమానులు అంటారు. ఏడు రోజుల వారం పెట్టి, సెలవులు తీసేసి తెమ్మని నన్నూ అడిగారు. నేను ఒప్పుకోను. కాగితం మీద చెరిపేసిన ఆదివారం సైటులో చెరిగిపోదు. మనిషి ఆ రోజు రాడు, లేదా వచ్చి చేతులు వణుకుతూ పనిచేస్తాడు. పైగా మొదటి షెడ్యూలుతో పాటు క్యాలెండరు కూడా ఇచ్చి, జులైలో పది వాన రోజులు రాసుకున్నామని ముందే చూపించినవాడు, పదహారు రోజులు వాన పడినప్పుడు మిగిలిన ఆరు రోజులకు గడువు పొడిగింపు అడగడానికి గట్టి ఆధారంతో నిలబడతాడు. ఏడు రోజుల వారం రాసిచ్చినవాడి చేతిలో ఏ ఆధారమూ ఉండదు.

అన్నిటికీ మించి ఆ కాలువ చివర ఒక రైతు ఉన్నాడు. మా తూము ఆలస్యమైతే శివారు చేలకు నీళ్లు ఆలస్యం, నారుమడి ఆలస్యం, ఊడ్పు ఆలస్యం. చివరికి సార్వా కోత నవంబరు తుపానుల నోట్లోకి వెళ్లి పడుతుంది. జూన్ మొదట్లోనే నీళ్లు వదలమని ఇక్కడి రైతులు అడిగేది అందుకే.

ఈ ఏడాది సలహా మండలి తేదీలు పత్రికలో చూసిన ఉదయం ఫైలు తెరిచి, కాలువ క్యాలెండరులో మొదలు తేదీ, చివరి తేదీ మార్చి, లెక్క తిరిగి వేయించే ఎఫ్9 నొక్కాను. మాకు దొరికిన రోజులు పోయినసారికంటే నాలుగు తక్కువ. రెక్కగోడలు రెండు వైపులా ఒకేసారి కడితే తప్ప సరిపోదు. మేస్త్రికి ఫోను చేసి, ఇంకో గ్యాంగు దొరుకుతుందా అని అడిగాను. "కోతలయ్యాక దొరుకుతారండి, ముందు దొరకరు," అన్నాడు. కోతలు ఎప్పటికవుతాయో అడిగి, ఆ తేదీనీ రాసుకున్నాను.